నీటిని ఆపే అద్దం దగ్గర బేరం వద్దు

2022 డిసెంబరు 16న తెల్లవారుజామున బెర్లిన్ నడిబొడ్డున ఓ హోటల్ లాబీలో ఉన్న ఆక్వాడోమ్ బద్దలైంది. స్తంభంలా నిలబెట్టిన ఆ యాక్రిలిక్ ట్యాంకులోని సుమారు 10 లక్షల లీటర్ల నీరు ఒక్కసారిగా లాబీని ఊడ్చేసి వీధిలోకి ఉరికింది. అందులోని దాదాపు 1,500 చేపల్లో బతికి బయటపడినవి చాలా తక్కువ. ఆ వేళకు అక్కడ జనం లేకపోవడంతో ఇద్దరు స్వల్ప గాయాలతో బయటపడ్డారు. నిపుణులు మూడు కారణాలను అనుమానించారు. అతుకు విడిపోయి ఉండొచ్చు, మరమ్మతుల కోసం నీళ్లు తీసేసినప్పుడు యాక్రిలిక్ ఎండిపోయి ఉండొచ్చు, ఆ పనుల్లోనే నొక్కు పడి ఉండొచ్చు. అసలు కారణం ఏదన్నది కచ్చితంగా తేలలేదు.

పేరున్న సంస్థ తయారుచేసిన ట్యాంకుకే ఆ గతి పట్టింది. ఇప్పుడు విల్లాల్లో, డూప్లెక్సుల్లో హాలు గోడ మొత్తం అక్వేరియం కావాలని కోరేవారున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ముందు నిలబడి చూసే పెద్ద అద్దాన్ని కర్టెన్లు, ఫాల్స్ సీలింగుతో పాటు అలంకరణ ఖర్చులో వేయడమే తప్పు. అది టన్నుల భారం మోసే నిర్మాణ భాగం. దాన్ని కొనే పద్ధతి కూడా అలాగే ఉండాలి.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. 3 మీటర్ల పొడవున్న అద్దం వెనుక 1 మీటరు ఎత్తున నీరుంటే, ఆ అద్దం మీద పడే తోపుడు సుమారు ఒకటిన్నర టన్నులు. నీటి ఎత్తు 2 మీటర్లకు పెంచితే అది 6 టన్నులవుతుంది. ఎత్తు రెట్టింపైతే భారం నాలుగు రెట్లన్నమాట. ట్యాంకు వెనక్కి ఎంత వెడల్పున్నా ముందు అద్దం మీద భారం మారదు. అందుకే పెద్ద ట్యాంకు కావాలనుకునేవారు ఎత్తు తగ్గించుకుని పొడవు, వెడల్పు పెంచుకోవడం మంచిది. చేపలకూ ఈదడానికి చోటు దొరుకుతుంది.

ఇక గాజా, యాక్రిలికా? గాజు మీద గీతలు త్వరగా పడవు, ఒత్తిడికి పెద్దగా వంగదు. కానీ బరువెక్కువ. టఫెన్డ్ గాజును ఒకసారి కాల్చి గట్టిపరిచాక కోయలేం, రంధ్రం వేయలేం. పగిలితే పలక మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. పెద్ద ట్యాంకుకు గాజే కావాలంటే, ఒక పొర పగిలినా మిగతా పొరలు పట్టి ఉంచే లామినేటెడ్ గాజు అడగాలి. యాక్రిలిక్ బరువు గాజులో సగం కంటే తక్కువ. మందం పెరిగినా స్పష్టత తగ్గదు, గీత పడితే పాలిష్ చేసుకోవచ్చు. అయితే వేడికి గాజు కంటే దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. 3 మీటర్ల పలక 20 డిగ్రీల తేడాకు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చట్రంలో ఆ సందు వదలని మేస్త్రీ చేతిలో ఎంత మంచి పలకైనా పాడవుతుంది.

మందం ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. 2012 డిసెంబరులో షాంఘైలోని ఓ మాల్‌లో సొరచేపల ట్యాంకు బద్దలై పదిహేను మంది దాకా గాయపడ్డారు. ఆ యాక్రిలిక్ మందం 15 సెంటీమీటర్లు.

భారీ పలకలు దుకాణంలో సిద్ధంగా ఉండవు. కొలతలిచ్చి చేయించుకోవాలి, నెలల తరబడి ఎదురుచూడాలి. అక్కడే సెకండ్ హ్యాండ్ పలక ఆశ పెడుతుంది. మూతపడిన అక్వేరియంలోదో, ఎవరో విప్పేసిన ట్యాంకులోదో సగం ధరకు వస్తుందంటే మనసు లాగుతుంది. కానీ ఏళ్లపాటు నీటిలో ఉన్న యాక్రిలిక్ కొంత నీరు పీల్చుకుంటుంది. బయటకు తీసి ఆరబెడితే పైపొర ముడుచుకుని సన్నని పగుళ్లు పుట్టొచ్చు. ఆల్కహాల్, అమోనియా కలిసిన క్లీనర్లతో తుడిచినా అదే ముప్పు. ఆ పలక ఎన్నాళ్లు వాడారు, ఎలా నిల్వచేశారు, దేనితో తుడిచారన్నది అమ్మేవారు కాగితం మీద రాసివ్వలేకపోతే, ఎంత చవకైనా దాన్ని వదిలేయాల్సిందే.

డబ్బు ఆదాకు వేరే దారి ఉంది. జపాన్‌లో 2002లో తెరిచిన ఒకినావా చురౌమి అక్వేరియంలోని పెద్ద ట్యాంకుకు 22.5 మీటర్ల వెడల్పు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందమున్న యాక్రిలిక్ పలకను నిప్పురా సంస్థ అమర్చింది. జనం కళ్లన్నీ ఆ పలక మీదే ఉంటాయి, ట్యాంకు గోడలు మాత్రం కాంక్రీటువి. ఇంట్లోనూ మూడు వైపులా వాటర్‌ప్రూఫింగ్ చేసిన కాంక్రీటు గోడలు కట్టి, ఒక వైపే కిటికీ పెట్టుకోవచ్చు. పలకను లోపలి నుంచి అంచుకు ఆనించి బిగిస్తే నీటి ఒత్తిడే దాన్ని సీలు మీదికి అదుముతుంది. నాలుగు వైపులా నాసిరకం అద్దాలు పెట్టే బదులు, అదే డబ్బుతో ఒక వైపు మేలిరకం పలక పెట్టుకోవడం ఉత్తమం.

పై అంతస్తుల్లో ఉండేవారు మరో లెక్క కూడా చూసుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారానికి డిజైన్ చేస్తారు. ఒకటిన్నర మీటరు ఎత్తున నీరు నింపితే అదే చోట 1,500 కిలోలు పడుతుంది. ఫ్లాటులో ట్యాంకు పగిలితే నష్టం యజమానితో ఆగదు, కింది ఇంట్లో పడుకున్నవారి ప్రాణాల మీదకొస్తుంది.

కాబట్టి అపార్ట్‌మెంట్ సంఘాలు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేనిదే భారీ ట్యాంకులకు అనుమతి ఇవ్వకూడదు. కొనేవారు అడ్వాన్సు ఇచ్చే ముందే తయారీదారు పేరు, పలక రకం, మందానికి వేసిన లెక్క, అతుకుల వివరం, వారంటీ రాతపూర్వకంగా తీసుకోవాలి. అవి ఇవ్వలేని దుకాణంలో అంత పెద్ద అద్దం కొనొద్దు.