ఆకాశపు గనులును నాయకుని ధర్మమును

గడచిన వేసవి సెలవులలో నొక రాత్రి మా యింట చిన్న తగవు సంభవించినది. భోజనమునకు రమ్మని తల్లి మూడుమారులు పిలిచినను, ఇంటరు చదువుచున్న మా కుమారుడు కంప్యూటరు ముందునుండి లేవలేదు. నేను కోపముతో గదిలోనికి పోయి మీట నొక్కబోగా వాడు నా చేయి పట్టుకొని, "నాన్నగారూ, పది నిమిషములు గడువిండు. నన్ను నమ్మి పదునొకండ్రు వచ్చియున్నారు. వారిని రేవు చేర్చకుండ నేను లేచినయెడల వారి నావలు పోవచ్చును" అనెను. ఆ మాట నన్ను నిలిపివేసినది. తెలియని దానిని నిందించుట ఉపాధ్యాయునకు తగదని తలచి, ఆ రాత్రియు, తరువాత కొన్ని రాత్రులును వాని ప్రక్కను కూర్చుండి చూచితిని. పిమ్మట నాకు కలిగిన యభిప్రాయమును మన సంచిక చదువరుల ముందుంచుచున్నాను.

ఆ యాట పేరు ఈవ్ ఆన్‌లైన్. ఐస్లాండు దేశమందలి సీసీపీ యను సంస్థ దీనిని 2003వ సంవత్సరము మే నెలలో వెలువరించినది. ఏడువేలకు పైబడిన నక్షత్ర మండలములుగల కల్పిత విశ్వమునందు వేలకొలది జనులు ఒకే కాలమున నావలు నడుపుదురు. అందు యుద్ధము చేయువారు కలరు, వర్తకులు కలరు, శిలలను త్రవ్వి లోహము తీయువారును కలరు. వెల్డ్‌స్పార్ అను సామాన్య శిలనుండి వచ్చు ట్రైటానియము లేనిదే అచట దాదాపు ఏ నావయు తయారు కానేరదు. కావున మహావీరుని యుద్ధనావకును మూలము గనికూలి శ్రమయే. ఈ యొక్క సంగతియే బాలురకు మంచి పాఠము.

ఒంటరిగా త్రవ్వువాడు కొంత గడించును. గుంపుగా త్రవ్వువారు అంతకంటె నెక్కువ గడింతురు. ఒక దళమున 256 మంది వరకు చేరవచ్చును. అయితే గుంపు కూడినంత మాత్రమున పని సాగదు. ఇద్దరొకే శిలపై పడినయెడల అది నడుమనే తరిగిపోయి యొకరి శ్రమ వ్యర్థమగును. కావున నాయకుడు ఏ శిలలో నెంత మిగిలియున్నదో కొలిపించి, యెవరి శిల వారికి చూపవలెను. నావల నెంచుటయందును వివేకము కావలెను. కొవెటార్ అను నావ మిక్కిలిగా త్రవ్వును గాని దెబ్బకు తాళదు. ప్రొక్యూరర్ తక్కువ త్రవ్వును గాని దెబ్బ కోర్చును. రిట్రీవర్‌కు కొట్టు పెద్దది. కాపుదలగల మండలములందు సయితము కాంకర్డ్ అను రక్షకభటులు దోషిని శిక్షింతురే గాని మొదటి దెబ్బను ఆపజాలరు. అందుచే మండలములోనికి క్రొత్తగా వచ్చువారి పేర్లను కనిపెట్టుచు ఒకరు కావలి యుండవలెను.

ఈ యాటలో నాకు మిక్కిలి నచ్చిన నియమమొకటి కలదు. ఓర్కా అను పెద్ద నావలోని నాయకుడు తన వారి యంత్రముల వేగమును, అవి యందుకొను దూరమును హెచ్చించి తోడ్పడగలడు. 2016వ సంవత్సరము నవంబరునకు ముందు అతడు అదే మండలములో నెచ్చటనో క్షేమముగా దాగియుండియు నీ తోడ్పాటు నంపగలిగెడివాడు. ఆ నెలలో నియమము మారినది. నాటినుండి తోడ్పాటు నాయకునికి చేరువనున్న నావలకు మాత్రమే యందును. అనగా అతడును శిలల నడుమకు రావలెను. పనివారి యపాయమున తానును పాలుపంచుకొనవలెను. దాగియుండుట కలవాటుపడిన వారి కిది కష్టముగ తోచియుండును. నా దృష్టికి మాత్రము ఇది న్యాయము. దూరముననుండి ఆజ్ఞలంపువాడు అధికారి కావచ్చును. నాయకుడనిపించుకొనుటకు అది చాలదు.

ఇక పంపకము సంగతి. ఒక రాత్రి పని ముగిసిన పిమ్మట మా వాడు ఎవరు త్రవ్వినంత వారికి లెక్క కట్టి పంచెను. వెంచర్ అను చిన్న నావతో క్రొత్తగా చేరిన యొక బాలుడు ఆ రాత్రియంతయు కావలి కాచెను. రెండుమారులు వాని హెచ్చరికవల్లనే అందరును తప్పించుకొనిరి. వానికి దక్కినది పిడికెడు. మరునాడు వాడు మాటయైన చెప్పక దళమును వీడిపోయెను. "నియమము ప్రకారమే పంచితిని గదా, నాన్నగారూ" అని మావాడు వాదించెను. "ఆ నియమమును పనికి ముందు వానికి చెప్పితివా?" అని యడిగితిని. వాడు తల వంచుకొనెను.

ఎవరెంత త్రవ్విరో వ్రాసియుంచు ఖాతా 2017వ సంవత్సరమున ఆటలోనే యేర్పడినది. కాని కావలివాని మెలకువను ఆ ఖాతా వ్రాయదు. దానిని నాయకుడే తన మనస్సున వ్రాసికొనవలెను. త్రవ్వినదానినిబట్టి పంచుట మేలని కొందరందురు. పనిచేసిన కాలమునుబట్టి సమముగా పంచుట మేలని కొందరందురు. మొదటి పద్ధతిలో బలహీనుడు నష్టపోవును. రెండవ దానిలో సోమరి లాభపడును. నా యభిప్రాయమేమనగా, కావలివారికిని మోతవారికిని ముందుగా నొక భాగము తీసియుంచి, మిగిలినదానిని త్రవ్వకమునుబట్టి పంచవలెను. అంతకంటె ముఖ్యముగా, ఆ పద్ధతిని పని మొదలుకాకమునుపే అందరికి తెలుపవలెను. మావాడు ఆ బాలునికి క్షమాపణ వ్రాసి, వాని భాగము నంపెను. నేటివరకు జవాబు రాలేదు. కొన్ని తప్పులు దిద్దుకొన్నను, పోయిన స్నేహము తిరిగి రాదని వాడు నేర్చుకొనెను.

"ఇదంతయు లేని రాళ్లు, లేని నావలు, పోయిన గంటలు మాత్రము నిజమే గదా" యని తలిదండ్రులు నన్నడుగవచ్చును. అది సత్యమే. చదువును నిద్రను మ్రింగు ఆట యెంత మంచిదైనను చెరుపే. అయినను మాట యిచ్చి పదిమందిని పిలిచినవానిని నడుమ లాగివేయుట వానికి మాట తప్పుట నేర్పుటయే యగును. కావున పని ముగియు వేళను మొదటనే నిర్ణయించుట నాయకుని విధులలో చేరవలెను. ఇప్పుడు మా యింట భోజనము ఎనిమిది గంటలకు. మావాని దళము ఏడున్నరకే రేవు చేరును. పరీక్షల మాసమున దళమే లేదు. ఈ యేర్పాటును వాడే ప్రకటించెను గనుక వాడే పాటించుచున్నాడు.

విద్యార్థులారా, మీలో ననేకులు ఆ యాట నెన్నడు నాడకపోవచ్చును. కాని తరగతి పెద్దలుగను, జట్టు నాయకులుగను ఉండువారు మీలో కలరు. వార్షికోత్సవమునాడు నాటకమాడినవారి పేర్లు అందరును ఎరుగుదురు. ముందురోజు సాయంకాలము కుర్చీలు మోసినవారెవరు? దీపములారిన పిమ్మట తెరలు మడచినవారెవరు? ఆ పేర్లను చెప్పగలవాడే మీలో నాయకుడు. చెప్పలేనివాడు ఈ యేడే యొక చిన్న పుస్తకము కొని, వ్రాసికొనుట మొదలుపెట్టవలెను.