ఓపెనింగులు వద్దనే పెద్దలకు

చెస్ నేర్చుకునేవాళ్లకి ఈమధ్య అందరూ ఒకే సలహా ఇస్తున్నారు: ఓపెనింగుల జోలికి పోవద్దు. రేటింగ్ బాగా పెరిగేదాకా పజిల్స్ చేయండి, ఎండ్‌గేమ్ నేర్చుకోండి. మొదట్లో నడిబోర్డు పట్టడం, గుర్రాల్నీ బిషప్పుల్నీ బయటికి తేవడం, క్యాస్లింగ్ చేయడం తెలిస్తే చాలట. కోచ్‌లు చెబుతారు, యూట్యూబ్ చెబుతుంది, టోర్నీల్లో రౌండుకీ రౌండుకీ మధ్య టీ తాగుతూ పిల్లల తండ్రులూ చెబుతారు. వినడానికి బుద్ధిగానే ఉంటుంది.

ఆ సూత్రాలతోనే ఒక ఆట ఆడి చూద్దాం. ఇద్దరూ రాజు ముందు బంటుని రెండు గడులు తోశారు. తెల్ల గుర్రం ఎఫ్3కి, నల్ల గుర్రం సి6కి, తెల్ల బిషప్ సి4కి, నలుపు రెండో గుర్రం ఎఫ్6కి వచ్చాయి. నాలుగో ఎత్తులో తెల్ల గుర్రం జి5కి దూకి ఎఫ్7 మీద కన్నేసింది. నలుపు డి5 తోసింది, తెలుపు ఆ బంటుని కొట్టింది. సూత్రం తెలిసినవాడు ఇప్పుడేం చేస్తాడు? గుర్రంతో తిరిగి కొడతాడు. గుర్రం నడిబోర్డులోకి వచ్చింది, లెక్కా సరిపోయింది. వెంటనే తెల్ల గుర్రం ఎఫ్7లో పడుతుంది. రాజుతో దాన్ని కొట్టక తప్పదు. వదిలేస్తే మంత్రీ ఏనుగూ రెండూ దాని దెబ్బలో ఉన్నాయి. ఎఫ్3 నుంచి మంత్రితో చెక్. డి5 గుర్రాన్ని కాపాడుకోవాలంటే నల్ల రాజే ఈ6కి నడిచి రావాలి. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలో పోలేరియో అనే ఆటగాడికి తెలిసిన దాడే ఇది. ఇవాళ్టికీ పిల్లల్ని ఏడిపిస్తోంది.

నలుపు ఆడాల్సింది సి6 గుర్రాన్ని ఏ5కి, బోర్డు అంచుకి. అంచున గుర్రం దండగ అని నేర్పిన సూత్రం ఈ ఎత్తుని ఎప్పటికీ చూపించదు. డి5లో ఉన్న తెల్ల బంటే తన బిషప్ దారికి అడ్డం కూర్చుంది. దాన్ని కొడితే మన గుర్రమే ఆ దారిలో ఇరుక్కుంటుంది. బంటు పోతే పోనిచ్చి, బిషప్‌నీ జి5 గుర్రాన్నీ తరుముతూ నలుపు ఎత్తులు సంపాదించుకుంటుంది. ఈ బేరం ఎలా ఉంటుందో తెలుసుకోవడాన్నే ఓపెనింగ్ చదవడం అంటున్నాను.

వద్దనేవాళ్లు ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాని సాక్షిగా తెస్తారు. ఎండ్‌గేమ్ ముందు నేర్చుకోమని ఆయన అన్న మాట నిజమే. 1918లో న్యూయార్క్‌లో మార్షల్ తన గ్యాంబిట్‌తో మీదపడితే, బోర్డు ముందే జవాబు వెతుక్కుని గెలిచాడు కూడా. ఆయన కాపబ్లాంకా! ఆఫీసు నుంచి వచ్చి పది నిమిషాల గేమ్ ఆడుకునేవాణ్ని ఆ కొలతతో కొలుస్తారా?

ఎదుటివాడు ఐదో ఎత్తుకే పుస్తకం దాటిపోతాడు, చదివి ఏం లాభం అనేది ఇంకో వాదన. ఇది బట్టీకి తగిలే దెబ్బ, చదువుకి కాదు. ఇరవై ఎత్తులు కంఠస్థం చేసి, ఆరోదాన్ని అవతలివాడు మార్చగానే నీళ్లు నమిలేవాళ్లని నేనూ వెనకేసుకురాను. పుస్తకంలో ఆ ఎత్తు ఎందుకుందో తెలిసినవాడే, అది ఆడనివాడి పని పట్టగలడు.

ఎండ్‌గేమ్‌ని విడిగా నేర్చుకోవచ్చన్నది నాకు అసలు అర్థం కాదు. క్వీన్స్ గ్యాంబిట్‌లో తెలుపు డి5లో బంట్లు మార్చుకుంటే, నలుపు ఈ6 బంటుతో తిరిగి కొడుతుంది. ఆపైన మంత్రి వైపు తెలుపుకి రెండే బంట్లు, నలుపుకి మూడు. అయినా ఆ తక్కువ బంట్లతోనే తెలుపు బి4, బి5 అని తోసుకుంటూ పోయి, నలుపుకి సి6లో ఒక దిక్కులేని బంటుని మిగులుస్తుంది. చివర్లో ఏనుగులు కొట్టుకునేది ఆ బంటు కోసమే. ఆ ఎండ్‌గేమ్ మూడో ఎత్తో నాలుగో ఎత్తో ఆడినప్పుడే మొదలైంది కదా!

తెలుపుకి ఒక ఓపెనింగ్, నలుపుకి ఈ4 మీద ఒకటి, డి4 మీద ఒకటి: ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోనక్కర్లేదు. ఇంజిన్ 0.3 తేడా చూపించిందని నెలకో డిఫెన్స్ మార్చేవాళ్ల సంగతి వేరు, అది కొనుగోళ్ల జబ్బు. ఎంచుకున్నదాంట్లో పెద్ద ఆటగాళ్ల గేములు చివరి ఎత్తుదాకా చూడాలి. ఓడిన సొంత గేమ్ తీసి, ఎక్కడ దారి తప్పామో అక్కడ సరైన ఎత్తూ, దాని పక్కన కారణమూ సొంత మాటల్లో రాసుకోవాలి. రోజుకి గంట దొరికితే దీనికి ఇరవై నిమిషాలు పడుతుంది. మిగతా నలభై నిమిషాలూ పజిల్స్ చేసుకోండి, ఎవరు వద్దన్నారు?