రాయి మీద ఏం రాయిద్దాం?

ఈస్టరు నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లడం మన సంఘాల్లో చాలాచోట్ల ఉన్న ఆచారం. ఆ మసక వెలుతురులో రాళ్ల మీది రాతలు చదువుకుంటూ నడవడం నాకు అలవాటు. పేర్లు మారతాయి, తేదీలు మారతాయి, మిగిలినదంతా ఒక్కటే. 'ప్రభువునందు నిద్రించిరి' అని ఒక మాట, కింద ఒక వాక్యం రెఫరెన్సు, ఆ కింద సమాధి కట్టించిన కొడుకుల పేర్లు, వాళ్ల డిగ్రీలు, ఉద్యోగాలు. ఒక్కోచోట తండ్రి పేరు కన్నా కొడుకు పేరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంతకీ చనిపోయింది ఎవరా అని ఒక్క క్షణం ఆగి చూడాల్సి వస్తుంది.

నవ్వే అర్హత నాకు లేదు. మా నాన్న పల్లెటూరి బడిపంతులు. సాయంత్రం బడి వదిలాక లాంతరు పట్టుకుని చుట్టుపక్కల పల్లెలకు నడిచివెళ్లి ప్రార్థనలు జరిపించేవారు. ఆయన చనిపోయేనాటికి నేను సెమినరీ చదువు ముగించుకుని కొత్తగా వచ్చాను. రాయి మీది మాటలు నేనే రాశాను. నీతిమంతులుగా తీర్చబడటం, పరిశుద్ధపరచబడటం, మహిమపరచబడటం, అన్నీ పెట్టాను. సిద్ధాంతపరంగా ఒక్క తప్పు లేదు. అక్షరం రాని మా అమ్మ దాన్ని నాచేత చదివించుకుని, కాసేపు ఊరుకుని, "ఇందులో మీ నాన్న ఏడి నాయనా?" అంది. నాకు జవాబు దొరకలేదు.

పునరుత్థానం ఉండగా విశ్వాసికి రాయి దేనికి అనే దైవసేవకులు ఉన్నారు. మోషే సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు (ద్వితీ. 34:6), కనుక రాయి లేనంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు. నిజమే. అయితే బేత్లెహేము దారిలో రాహేలు చనిపోతే యాకోబు ఆమె సమాధి మీద స్తంభం నిలబెట్టాడు. అదే అధ్యాయంలో అంతకు ముందే ఉన్న ఇంకో మరణం నన్ను ఎక్కువగా కదిలిస్తుంది (ఆది. 35:8). రిబ్కా దాది దెబోరా చనిపోయింది. ఆమె దాసి. ఆమె మాట్లాడిన మాట ఒక్కటీ బైబిల్లో లేదు. కానీ ఆమెను పాతిపెట్టిన సింధూర వృక్షానికి అల్లోన్ బాకూత్ అని పేరు పెట్టారు. ఏడ్పు చెట్టు అని దాని అర్థం. స్తంభం లేదు, బిరుదులు లేవు. ఆమె కోసం ఆ ఇల్లు ఎంత ఏడ్చిందో ఆ పేరులోనే ఉంది.

అబ్షాలోము మాత్రం తన పేరు నిలబెట్టే కొడుకు లేడని, బతికుండగానే రాజు లోయలో తనకోసం తానే స్తంభం కట్టించుకున్నాడు (2 సమూ. 18:18). చివరికి అతని శవాన్ని అడవిలో గోతిలో పడేసి రాళ్లు కుప్పవేశారు.

మగ్దలేనే మరియ ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది. అది కూడా సమాధి దగ్గరే జరిగింది. పునరుత్థానంలో దేవుడు లేపేది ఎవరో ఒక విశ్వాసిని కాదు, ఫలానా వాడలో ఫలానా పేరుతో బతికిన మనిషిని. అలాంటప్పుడు ఎవరి సమాధి మీదైనా సరిపోయే నాలుగు మాటలు రాసి చేతులు దులుపుకోవడం ఆ నిరీక్షణకు తగిన పనేనా?

సొంతదనం అంటే ఖర్చు అనుకోవద్దు. చీమకుర్తి నల్ల గ్రానైటు తెప్పించి, మిషను మీద ముఖచిత్రం చెక్కించి, పైన మంటపం లేపి రెండు సమాధుల చోటు ఆక్రమిస్తున్నారు. పాత తోటల్లో చోటు చాలక కమిటీలు తల పట్టుకుంటుంటే ఇదొకటి. జ్ఞాపకార్థ కూడిక నాటికి సమాధి పూర్తి కాకపోతే నలుగురిలో చిన్నతనమని అప్పులు తెచ్చిన కుటుంబాలను నేనెరుగుదును. బందరులో డచ్చివారి పాత సమాధుల మీద వంశచిహ్నాలు ఎంతో నేర్పుగా చెక్కి ఉంటాయి. చూసి వచ్చాక ఆ పనితనం గుర్తుంటుంది, మనిషి గుర్తుండడు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని సేలంలో మొరేవియన్ల సమాధుల తోటలో ధనికులకూ పేదలకూ ఒకే కొలత రాళ్లు, నేల మీద పరచి ఉంటాయి. మనిషి జీవితకథను మాత్రం విడిగా రాసిపెట్టుకోవడం ఆ సంఘంలో పాత సంప్రదాయం. మన కమిటీలు ఆలోచించదగ్గ పద్ధతి అది. చిన్న నాపరాయి, దాని మీద ఇరుగుపొరుగు చదివి 'అవును, ఆయనే' అనగల ఒక్క మాట చాలు. కట్టించినవారి పేర్లు అక్కర్లేదు. ఫోటో పెట్టుకుంటామంటే నేను అడ్డుచెప్పను.

నాన్న రాయి మార్చడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాని మీద ఆయన పేరు కింద 'లాంతరు పట్టుకుని పల్లెపల్లెకూ నడిచిన పంతులు' అని ఉంది. అది చదివించుకోవడానికి అమ్మ లేదు. ఆమె రాయి మీద ఏం రాయాలో మాత్రం నేనొక్కడినే కూర్చుని ఆలోచించలేదు. మా వాడలో అడిగాను. ముగ్గురు పెద్దవాళ్లు విడివిడిగా ఒకే మాట చెప్పారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుని కోసం గుప్పెడు బియ్యం పక్కకు తీసేదట, ఇంట్లో గింజలు తక్కువైన రోజున కూడా. అదే చెక్కించాం.