నోరులేని రోగి

వైద్యుని ఎదుట కూర్చున్న మనిషి తన బాధ ఎక్కడున్నదో, ఎప్పుడు మొదలైనదో చెప్పగలడు. పసిబిడ్డ అయినా ఏడ్చి తెలుపుతుంది. కుక్క, పిల్లి అంతపని కూడా చేయవు. పైగా బాధను దాచుకోవడం వాటి స్వభావం. పిల్లికి ఈ గుణం మరీ ఎక్కువ. జబ్బుపడిన పిల్లి మంచం కిందనో, బీరువా వెనుకనో ముడుచుకొని కూర్చుంటుంది. ఇంటివారు గమనించేనాటికి వ్యాధి ముదిరిపోయి ఉంటుంది. ఇటువంటి రోగులు వచ్చే పెంపుడు జంతువుల వైద్యశాలలో సగం శ్రమ రోగం కనిపెట్టడంలోనే గడుస్తుంది. అది వైద్యుడు ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

మన దేశంలో పశువైద్యమంటే చిరకాలం గుర్రాలకు, ఏనుగులకు, గోసంపదకు సంబంధించిన విద్య. అశ్వవైద్యానికి శాలిహోత్రుడు, గజవైద్యానికి పాలకాప్యుడు ఆద్యులని ప్రతీతి. ఆంగ్లేయుల కాలంలో వెలసిన పశువైద్యశాలలు కూడా ప్రధానంగా సేద్యానికి, సైన్యానికి పనికివచ్చే జంతువుల కోసం ఏర్పడినవే. కలకత్తాలోని బేల్‌గాఛియాలో బెంగాల్ పశువైద్య కళాశాల 1893లో ప్రారంభమైంది. 1995లో ఏర్పడిన పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి నేడు ఆ ఆవరణే కేంద్రం. ఇంట్లో మనిషితోపాటు మసలే కుక్కకు, పిల్లికి ప్రత్యేకించి వైద్యం అవసరమన్న భావన పట్టణ జీవితంతోపాటు తరువాత బలపడింది.

ఆ కళాశాల ఉన్న మహానగరానికి రైలు మార్గంలో దాదాపు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ ఉన్నది. 1072 మీటర్లకు పైగా పొడవుగల ఇక్కడి ప్లాట్‌ఫారం 2013లో గోరఖ్‌పూర్ దానిని మించేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాలు మథురాకాటి, నింపుర వంటి రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడ్డాయి. ఇటువంటి ఊరిలో పశువైద్యుని వద్దకు వచ్చేవారు తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా భాషలలో ఏదో ఒకటి మాట్లాడతారు. యజమాని భాష ఒకటి, వైద్యుని భాష మరొకటి కావచ్చు. రోగికి ఏ భాషా రాదు.

అందుచేత మొదటి సాక్షి యజమానే. “కుక్క నీరసంగా ఉన్నది” అన్న మాట ఏ భాషలో చెప్పినా ప్రయోజనం తక్కువ. చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎన్నిసార్లు వాంతి చేసుకున్నది, విరేచనంలో నెత్తురు ఉన్నదా, ఇంట్లో ఎలుకల మందు పెట్టారా – ఈ ప్రశ్నలకు సమాధానాలు సిద్ధంగా ఉంటే వైద్యునికి దారి దొరుకుతుంది. మగపిల్లి మాటిమాటికి ముక్కుతూ మూత్రం పోయలేకపోతున్నదంటే తెల్లవారేవరకు ఆగరాదు. మూత్రమార్గం మూసుకుపోయిన పిల్లి రెండు మూడు రోజులలో ప్రాణం కోల్పోవచ్చు.

రెండవ సాక్షి సహాయకుడు. కాంపౌండరు అనండి, అటెండరు అనండి, వైద్యశాల పరువు చాలావరకు అతని చేతులలో ఉంటుంది. బెదిరిన కుక్క మూతికి చిక్కం వేయడం, అది లేకపోతే గుడ్డపట్టీతో ముడివేయడం, గోళ్ళు విప్పిన పిల్లిని తువ్వాలులో చుట్టి తల మాత్రం బయటకు ఉంచడం – ఇవి బలంతో చేసే పనులు కావు. గట్టిగా అదిమితే జంతువు మరింత భయపడుతుంది. వదులుగా పట్టుకుంటే వైద్యుని చేయి గాయపడుతుంది. మందు మోతాదు బరువునుబట్టి నిర్ణయిస్తారు కనుక ముందుగా తూకం వేయడం కూడా అతని విధి. ఏ కాలు తాకినప్పుడు జంతువు శరీరం బిగుసుకున్నదో పట్టుకున్న చేతికే మొదట తెలుస్తుంది.

మూడవ సాక్షి పరీక్ష. ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యమని, పొడిగా ఉంటే జ్వరమని చాలామంది నమ్మకం. దానిని ప్రమాణంగా తీసుకోవడానికి వీలులేదు. కుక్క సహజ ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్ కొలతలో సుమారు 101 నుండి 102.5 డిగ్రీలు. మనిషికి జ్వరమనిపించే వేడి దానికి ఆరోగ్యమే! గోమార్లు లేక పిడుదులు పట్టిన కుక్కకు జ్వరం వచ్చి, చిగుళ్ళు పాలిపోతే నెత్తురుచుక్కను సూక్ష్మదర్శిని కింద చూడక తప్పదు. ఆ పురుగులు కుట్టినప్పుడు రక్తంలోకి చేరే సూక్ష్మజీవులు కొన్ని ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి. సకాలంలో గుర్తిస్తే మందులున్నాయి.

ఇక వైద్యశాల చేసే సేవలలో టీకాలది అగ్రస్థానం. కుక్కపిల్లకు ఒకసారి సూది వేయించాము కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకని యజమానులు విసుక్కోవడం కద్దు. దీనికి కారణమున్నది. తల్లి పాలద్వారా వచ్చిన రక్షణ పిల్లను కొన్ని వారాలు కాపాడుతుంది. అదే రక్షణ టీకా పనిని కూడా అడ్డుకుంటుంది. అది ఏ వారంలో తగ్గిపోతుందో ఒక్కొక్క పిల్లలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. అందువల్ల ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో ప్రారంభించి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి టీకా ఇస్తారు. 1978లో ప్రపంచమంతటా వ్యాపించిన పార్వో వైరస్ నేటికీ రక్తవిరేచనాలతో ఎన్నో కుక్కపిల్లలను బలిగొంటున్నది. మధ్యలో మానివేసిన టీకాల వరుస దానికి తలుపు తెరిచి ఉంచినట్లే. టీకామందును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి, గడ్డకట్టనీయరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌ను కనిపెట్టి ఉండే ఉద్యోగి ఆ సేవలో భాగస్వామి.

రేబీస్ టీకా విషయం ఇంకా గంభీరమైనది. ఇది కుక్కకు మాత్రమే కాదు, ఆ ఇంటి పసివారికి కూడా రక్ష. లూయీ పాశ్చర్ 1885లో జోసెఫ్ మైస్టర్ అనే బాలునికి తొలిసారిగా ఈ వ్యాధి టీకా వేయించి నూట నలభై ఏళ్ళు దాటాయి. అయినా లక్షణాలు బయటపడిన తరువాత రేబీస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. మనుషులకు ఈ వ్యాధి సోకడానికి కారణం నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు కుక్కకాటే. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి డెబ్బైకి టీకాలు పడితే వ్యాధి గొలుసు తెగిపోతుందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. కుక్కలవల్ల కలిగే రేబీస్ మరణాలను 2030 నాటికి పూర్తిగా నిర్మూలించాలని భారత ప్రభుత్వం 2021లో జాతీయ ప్రణాళికను ప్రకటించింది.

కుక్క కరిచినచోట పసుపు, సున్నం, కారం అద్దడం ప్రమాదకరం. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి. కరిచినది ఇంటి కుక్కే అయినా ఈ నియమానికి మినహాయింపు లేదు. నిత్యం కాట్లకు గురికాగల వైద్యశాల సిబ్బంది ముందుగానే టీకాలు వేయించుకొని ఉండాలి. గది ఊడ్చే మనిషిని ఈ జాబితాలో మరచిపోరాదు.

యజమాని చేసే సొంత వైద్యం మరొక చిక్కు. మన జ్వరానికి వాడే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. దానిని విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషతుల్యాలు. పట్టాలేనివారిచేత చికిత్స చేయించడం కూడా ఇటువంటిదే. భారత పశువైద్య మండలి చట్టం 1984లో వచ్చింది. దాని ప్రకారం పశువైద్యం చేయడానికి పట్టభద్రులై పేరు నమోదు చేసుకున్నవారికే హక్కు. ప్రభుత్వం అనుమతించిన చిన్నపాటి సేవలను మాత్రం ఇతరులు పర్యవేక్షణలో చేయవచ్చు. పశ్చిమ బెంగాల్ గ్రామాలలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే శిక్షితులను ‘ప్రాణిబంధు’ అంటారు. పేరు చక్కనిది, పని ఉపయోగకరమైనది. కాని కుక్కకు శస్త్రచికిత్స వారి పరిధిలోనిది కాదు.

నాలుగవ సాక్షి కాగితం. రైల్వే ఉద్యోగికి బదిలీ తప్పదు; కుటుంబంతోపాటు కుక్కకూ ప్రయాణం తప్పదు. ఫస్టు క్లాసులో ఒక గది మొత్తం తమకే కేటాయింపు అయితే కుక్క వెంట ఉండవచ్చు. లేనిపక్షంలో గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపాలి. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం, ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని, రేబీస్ వంటి అంటువ్యాధి లక్షణాలు లేవని పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వాలి. నిండు చూలుతో ఉన్న జంతువును పంపరాదు.

ఆ ధ్రువపత్రంతోపాటు టీకాల తేదీలు, పాత జబ్బులు, పడని మందులు రాసిన కార్డును కూడా ఇంటి ముఖ్య పత్రాలతో కలిపి పెట్టెలో భద్రపరచుకోవాలి. కొత్త ఊరిలో కొత్త వైద్యుడు ఆ కుక్కను ఎన్నడూ చూసి ఉండడు. యజమాని భాష కూడా అతనికి తెలియకపోవచ్చు. అప్పుడు నోరులేని రోగి తరఫున మాట్లాడేది ఆ కార్డే.