బెంచీలు సరే, పాఠం చెప్పేదెవరు?



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో మార్కుల మాటలన్నీ అయ్యాక కూడా ఒక నాన్నగారు లేవకుండా కూర్చున్నారు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతారు. పెద్దబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తూ, తాను చదివిన ఊరి బడికి ఏదైనా చేస్తానంటున్నాడట. "బెంచీలు ఇప్పించమంటారా మేడమ్, కంప్యూటర్లా?" అని అడిగారు. ఆలోచించి చెబుతానన్నాను. ఇప్పుడు మీ అందరికీ కలిపి చెబుతున్నాను. ఆ డబ్బు ముందు ఒక టీచరు మీద పెట్టించండి.

నేనూ టీచర్నే కాబట్టి మా వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని మీరు నవ్వుకోవచ్చు. కాసేపు గుంటూరు జిల్లాకు రండి.

చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారంటే మా స్టాఫ్‌రూములో ఎవరూ నమ్మలేదు. తమను బెనె ఎఫ్రయిమ్ అని పిలుచుకునే కొన్ని పదుల కుటుంబాలు, ఎక్కువగా వ్యవసాయ కూలీలు. షమూయేల్, సాదోక్ యాకోబి సోదరులు ముందుండి నడిపించగా, 1990ల మొదట్లో చిన్న ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నారు. అమెరికాలోని కులను అనే సంస్థ వాళ్లకు తోడుగా నిలిచింది. 'కులను' అంటే హీబ్రూలో 'మనమందరం' అని అర్థం. దాని తరఫున వాలంటీర్లు వచ్చి ప్రార్థనలు, హీబ్రూ నేర్పారు. మంచి పనే. కానీ హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాసే భాష, మామూలు రాతలో అచ్చులు కూడా కనిపించవు. గుణింతాలు దిద్దిన పిల్లాడికి అది నాలుగు వారాల్లో పట్టుబడుతుందా? వచ్చినవాళ్లు విమానం ఎక్కిన మర్నాడు వాడికి సందేహం వస్తే తీర్చాల్సింది ఊళ్లో ఉండే మనిషే.

ఈ సంగతి ప్యారిస్‌లోని యూదులు చాలా ముందే గ్రహించారు. 1860లో వాళ్లు అలయాన్స్ ఇజ్రాయెలిట్ యూనివర్సెల్ అనే సంస్థ పెట్టారు. 1862లో మొరాకోలోని తెతువాన్‌లో మొదటి బడి తెరిచారు. బళ్లు పెరుగుతుంటే టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? అందుకని 1867లో ప్యారిస్‌లోనే టీచర్ ట్రైనింగ్ కాలేజీ పెట్టి, మొరాకో, టర్కీ వంటి చోట్ల చురుకైన పిల్లలను ఎంచి తెచ్చి, చదివించి, టీచర్లుగా ఆ ప్రాంతాల బళ్లకే పంపారు. 1870లలో బ్యారన్ మోరిస్ ద హిర్ష్ అనే ధనికుడు టర్కీ బళ్ల కోసం పది లక్షల ఫ్రాంకులు ఇచ్చాడు. అప్పటికే టీచర్లను తయారుచేసే చోటు ఒకటి ఉంది కాబట్టే ఆ డబ్బు గోడలకే పోకుండా పాఠాల దాకా చేరిందని నా అభిప్రాయం.

వాళ్లూ ఒక తప్పు చేశారు. చదువంతా ఫ్రెంచిలో పెట్టి, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలను చిన్నచూపు చూశారు. ఇంగ్లిష్ మీడియం టీచరుగా ఈ వాక్యం రాస్తుంటే నాకే కొంచెం గుచ్చుకుంది.

నా సంగతికొస్తే, బీఈడీలో రాసిన లెసన్ ప్లాన్లు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మూలపడ్డాయి. నలభై మందిని ఎలా కూర్చోబెట్టాలో నాకు నేర్పింది పక్క సెక్షన్ సీనియర్ మేడమ్. వారం పాటు తన ఖాళీ పీరియడ్లలో నా క్లాసు వెనక బెంచీలో కూర్చుని విన్నారు. ఆ గంటలకు ఆవిడకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

కాబట్టి ఆ నాన్నగారికి నా జవాబు ఇది. ప్రభుత్వ బడిలో పోస్టు మన చేతిలో లేదు, దానికి డీఎస్సీ రావాలి. కానీ మీ ఊళ్లో డిగ్రీ అయి, డబ్బుల్లేక ఆగిపోయిన అమ్మాయి ఉంటే ఆమె రెండేళ్ల బీఈడీ ఫీజు మీవాడు కట్టవచ్చు. పాసై వచ్చాక ఆ బడి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పడానికి నెలనెలా జీతం ఇవ్వవచ్చు. బెంచీల మీద దాత పేరు రాయించుకోవచ్చు, ఆమె మీద రాయించుకోలేం. అదొక్కటే నష్టం. వచ్చే మీటింగుకు మీవాడిని ఫోనులో కలపండి సార్, నేను మాట్లాడతాను.