పేరు లేని మూలప్రతి

మానవ జీనోమ్ గురించి వచ్చిన పుస్తకాలలో ఎక్కువ భాగం పందెపు కథలు. జేమ్స్ శ్రీవ్ రాసిన ‘ది జీనోమ్ వార్’ (2004) పేరులోనే యుద్ధం ఉంది. జాన్ సల్స్టన్, జార్జినా ఫెర్రీ కలిసి రాసిన ‘ది కామన్ థ్రెడ్’ (2002) జీనోమ్ అందరి సొత్తు అన్నవారి పక్షాన మాట్లాడుతుంది. క్రెయిగ్ వెంటర్ ఆత్మకథ ‘ఎ లైఫ్ డీకోడెడ్’ (2007) ఎదుటి పక్షపు వాదన. మూడూ చదవదగినవే. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరి పద్ధతి మేలు అన్న ఉత్కంఠ వీటిని చివరిదాకా నడిపిస్తుంది. కాని సాహిత్యం చదివే అలవాటున్నవారికి మొదట తోచవలసిన ప్రశ్న వేరు. వీళ్లు చదివినది ఎవరి ప్రతి? దీనికి జవాబు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో తయారైన ఒక గ్రంథాలయంలో ఉంది.

గ్రంథాలయం అన్నది శాస్త్రజ్ఞులు తామే పెట్టుకున్న మాట. మానవ జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ఆనాటి యంత్రాలు ఒక విడతకు కొన్ని వందల అక్షరాలు మాత్రమే చదవగలిగేవి. పైగా జీనోమ్‌లో దాదాపు సగం పునరుక్తి. ఒకే పల్లవి వేలసార్లు వచ్చే గ్రంథాన్ని చింపి కుప్పపోస్తే ఏ ముక్క ఏ పుటదో తేల్చడం కష్టం. అందుకని గ్రంథాన్ని ముందు పెద్ద భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా చదవాలనుకున్నారు.

ఆ భాగాలను దాచడానికి దొరికిన సాధనమే బ్యాక్టీరియా కృత్రిమ క్రోమోజోమ్, క్లుప్తంగా బ్యాక్. 1992లో కాల్టెక్‌లో హిరోయాకి షిజుయా, మెల్విన్ సైమన్‌ల బృందం దీనిని రూపొందించింది. అంతకు ముందు వాడిన ఈస్ట్ కృత్రిమ క్రోమోజోమ్ పది లక్షల అక్షరాలను మోయగలదు గాని, రెండు వేర్వేరు చోట్ల ముక్కలు అందులో ఒకటిగా అతుక్కుపోయేవి. బ్యాక్ మోసే భారం సాధారణంగా లక్షన్నర, రెండు లక్షల అక్షరాలే. అయితే ఈ.కోలై కణంలో అది ఒకటి రెండు ప్రతులకు మించి ఉండదు. కనుక తరతరాలుగా కణం విభజన చెందినా పాఠం చెదరదు. లేఖకుడు నెమ్మదస్తుడైతేనేం, తప్పు రాయడు.

ఇటువంటి గ్రంథాలయాలను కట్టడంలో సిద్ధహస్తులు బఫెలోలోని రోజ్‌వెల్ పార్క్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన పీటర్ డి యోంగ్, కజుటోయో ఒసోగావా, వారి సహచరులు. దాతలు తెలిసి ఒప్పుకున్నవారై ఉండాలని, వారి పేర్లు ఎవరికీ తెలియకూడదని 1996లో ప్రభుత్వం మార్గదర్శకాలు విధించింది. ఆ మేరకు 1997 మార్చిలో ‘ది బఫెలో న్యూస్’ పత్రికలో స్వచ్ఛంద దాతల కోసం ప్రకటన ఇచ్చారు. దాదాపు ఇరవై మంది వచ్చి, అంగీకారపత్రాలపై సంతకం చేసి, రక్తం ఇచ్చి వెళ్లారు. సీసాల మీది పేర్లు తొలగించారు. వారిలో ఒక పురుషుడి తెల్ల రక్తకణాల నుంచి తీసిన డీఎన్ఏను ముక్కలు చేసి, బ్యాక్‌లలో చేర్చి, ఒక్కొక్క పళ్లెంలో 384 గుంటల చొప్పున పెంచి, అతిశీతల పెట్టెల్లో భద్రపరిచారు. ఆ గ్రంథాలయం పేరు ఆర్‌పీసీఐ-11. ఆ మనిషికి చరిత్రలో మిగిలిన పేరు కూడా అంతే: ఆర్‌పీ11.

2000 జూన్ 26న శ్వేతసౌధంలో విజయ ప్రకటన జరిగింది. 2001 ఫిబ్రవరిలో పరిశోధనా వ్యాసాలు వెలువడ్డాయి. ప్రజాధనంతో తయారైన ఆ ప్రతిలో దాదాపు 70 శాతం ఒక్క ఆర్‌పీ11దే. అంగీకారపత్రం మాత్రం ఏ ఒక్క దాత వాటా 10 శాతం మించకపోవచ్చునని చెప్పింది. ఈ పాత పత్రాలను వెలికితీసి 2024లో ‘అన్‌డార్క్’ పత్రిక వివరమైన కథనం ప్రచురించింది. ఇందులో దుర్బుద్ధి నాకు కనిపించదు. గ్రంథాలయం బాగా కుదిరింది, గడువు తరుముతోంది, చేతికందిన మంచి ప్రతినే వాడుకుంటూ పోయారు. అయినా, ప్రణాళిక మారినప్పుడు ఇచ్చిన మాటను మళ్లీ తెరిచి చూడవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది. హెన్రియెటా లాక్స్‌ను అసలు అడగలేదు. ఆమె కథను రెబెకా స్క్లూట్ 2010లో పుస్తకం చేసి ప్రపంచానికి చెప్పింది. ఆర్‌పీ11ను పద్ధతిగా అడిగారు. అందుకే ఈ రెండో కథ వైద్యులకు మరింత అవసరం. సంతకం తీసుకోవడంతో పని అయిపోయిందని నమ్మే వృత్తి మాది.

పేరు తెలియదు కదా, ఆయనకు కలిగిన నష్టమేమిటని అడగవచ్చు. పేరు తొలగించడం దాతను కాపాడే మాట నిజమే. అదే సమయంలో, తిరిగి వెళ్లి చెప్పవలసిన పనిని కూడా తప్పించింది. తన డీఎన్ఏను వాడిన సంగతి వెంటర్ 2002లో స్వయంగా ప్రకటించుకున్నాడు. సెలెరా ప్రతిలో అధికభాగం ఆయనదే. బఫెలో దాతకు ఆ అవకాశం లేదు. తానే ఆర్‌పీ11 అని ఆయనకే తెలియదు.

ఇది చరిత్రకే పరిమితమైన చర్చ కాదు. జన్యుపరీక్ష నివేదికలో ‘వేరియంట్’ అని కనబడే మాటకు తెలుగులో చక్కని సమానార్థకం ఉంది: పాఠభేదం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు అనేకం సేకరించి, పోల్చి, 1829లో ప్రచురించాడు. ఒకే తాటాకు ప్రతిని ప్రమాణమనుకుంటే ఆ లేఖకుడి పొరపాటే వేమన మాట అయిపోతుందని ఆయనకు తెలుసు. జీనోమ్ విషయంలో అదే జరిగింది. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అన్నది సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పును పెంచే జన్యుమార్పు. 2009లో విడుదలైన ప్రామాణిక ప్రతిలో ఆ చోట ఉన్నది ముప్పు తెచ్చే అక్షరమే. దానితో పోలిస్తే ఆరోగ్యవంతుడి అక్షరం పాఠభేదంగా కనిపిస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ముప్పు సంక్రమించినవాడిలో ఏ తేడా కనిపించదు. 2013 ప్రతిలో సరిచేశారు. అంతవరకు ఎవరో ఒక మనిషి అక్షరం మానవజాతి పాఠంగా చెలామణి అయింది.

పరిస్థితి మారుతోంది. 2015లో ముగిసిన వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు 26 జనవర్గాలను పరిశీలించింది. వాటిలో ఒకటి బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు, సుమారు వంద మంది. 2022లో ఖాళీలు పూరించిన జీనోమ్ వచ్చింది. 2023లో 47 మంది ప్రతులను కలిపిన పాన్‌జీనోమ్ తొలి ముసాయిదా వచ్చింది. పొడవైన పాఠాలను ఒకేసారి చదివే యంత్రాలు రావడంతో బ్యాక్ గ్రంథాలయాల అవసరం తగ్గిపోయింది. కాని రక్తం ఇచ్చే మనిషి, అతనికి ఇచ్చే మాట ఏ యంత్రంతోనూ పాతబడవు. రేపు ఆ పళ్లేలలో మనవారి ప్రతులు మరిన్ని చేరతాయి, చేరాలి కూడా. అప్పుడు ఆ మాట ఏమైందో అడిగే హక్కు మనకుంటుంది.

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించినవారు పీఠికలో తాము వాడిన ప్రతులేవో, అవి ఎక్కడ దొరికాయో, దేనిని ఎంత నమ్మారో చెప్పాలి. చెప్పకపోతే మనం ఆ పరిష్కరణను అంగీకరించం. మానవ జీనోమ్ గురించి రాసేవారిని కూడా అదే అడుగుదాం. పందెం గురించి పుస్తకాలు చాలినన్ని వచ్చాయి. బఫెలో గ్రంథాలయం గురించి, అందులో తన రక్తం ఉందని ఎరగని ఆ దాత గురించి ఒక పుస్తకం ఇంకా రావలసి ఉంది.