ప్రవాస బాల్యము - కళాశాలా ప్రవేశము

అమెరికాలోని పెక్కు కళాశాలలలో ప్రవేశము గోరు విద్యార్థి మార్కుల పట్టికతోబాటు తన్ను గుఱించి యొక వ్యాసమును గూడ పంపవలసియున్నది. వేయికి బైబడిన కళాశాలలు స్వీకరించు 'కామన్ అప్లికేషన్' అను ఉమ్మడి దరఖాస్తులో ఈ వ్యాసము 650 మాటలకు మించరాదు. పరదేశమున గడచిన బాల్యమును ఇందు ప్రధానాంశముగా జేయవచ్చునా? దుబాయి, దోహా, సింగపూరులలో బిడ్డలను బెంచుచున్న తెలుగు కుటుంబములు పెక్కు కలవు గావున ఈ ప్రశ్న మనకును సంబంధించినదే.

చేయవచ్చును. కాని యెట్లనునదే విచార్యము. తండ్రి యుద్యోగరీత్యా బాలుడు విమానమెక్కుట బాలుని ప్రతిభ గాదు. మూడు దేశములు చూచితిని, నాలుగు భాషలు వింటిని, విశాలదృష్టి యలవడినది యని వ్రాసినచో చదువరికి దెలియునది శూన్యము. క్రొత్త బడిలో భాష తెలియక మూగవలె గూర్చుండిన బాలుడు, మఱుసటి యేట తనవలెనే వచ్చిన వేఱొక బాలునకు దుబాసి యైనచో, ఆ యొక్క సంగతియే చాలును. అది వాని సొంతము.

ఇట్టి బిడ్డల మనఃస్థితి సామాన్యమైనది గాదు. అమెరికా సాంఘిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ 1950 తరువాతి దశకమున మన దేశమునందలి అమెరికనుల జీవనమును పరిశీలించి, వారి సంతానమునకు 'తృతీయ సంస్కృతి బాలకులు' అను అర్థమిచ్చు పేరిడెను. ఇంటి సంస్కృతికిని, వీధి సంస్కృతికిని నడుమ మూడవదానిని గల్పించుకొని వారు పెరుగుదురు. అందలి లాభనష్టములు రెండును వ్రాయదగినవే.

2023 జూన్ 29వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు జాతినిబట్టి ప్రవేశములిచ్చుటను నిషేధించెను. ఐనను జాతి తన జీవితము నెట్లు తీర్చినదో విద్యార్థి చెప్పుకొనవచ్చుననియు, అతనిని వ్యక్తిగా, అతని యనుభవమునుబట్టియే యెంచవలెననియు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్సు తీర్పున వ్రాసెను. పరదేశవాసమునకును ఈ న్యాయమే వర్తించుట యుక్తము. నివాసము అర్హత గాదు. దానినుండి నేర్చినదియే అర్హత.

మన దేశమున జరుగునది దీనికి విరుద్ధము. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో ప్రవాస భారతీయుల కోటా 15 శాతమునకు మించరాదని 2005లో మన సుప్రీంకోర్టు నిర్ణయించినది. పంజాబు ప్రభుత్వము ఆ కోటాను దూరపు బంధువులకు గూడ విస్తరింపజూడగా, 2024 సెప్టెంబరులో ఆ న్యాయస్థానమే దానిని మోసమని గర్హించినది. ఆ కోటాలో బాలుని యనుభవమును ప్రశ్నించువారు లేరు; పెద్దల ధనమే ప్రవేశపత్రము.

మఱియొక సంగతి మఱువరాదు. స్వల్పవేతనములకు గల్ఫునకు బోవు కూలీలు ఆలుబిడ్డలను వెంట గొనిపోజాలరు. తండ్రిని వీడియోలో మాత్రమే చూచుచు నిజామాబాదు, జగిత్యాల పల్లెలలో అవ్వ చెంత పెరుగు బిడ్డకును ప్రవాస మననేమో తెలియును. విమానమెక్కని యా బాల్యము దుబాయి బాల్యమునకు దీసిపోదు. వాని కథను వాడు సిగ్గుపడక వ్రాయవలెను.

కావున తలిదండ్రులారా, బిడ్డ తిరిగిన దేశముల జాబితాను గూర్పకుడు. కలమును మీరు పట్టకుడు. బడులు మాఱుటచే మార్కులు తగ్గినచో, దరఖాస్తులోని 'అదనపు సమాచార' భాగమున నాలుగు పంక్తులలో దెలుపుడు. వ్యాసమును మాత్రము బిడ్డకే విడువుడు. సత్యముగా వ్రాసిన పదునేడేండ్ల జీవితము, అది యెచ్చట గడచినను, చదువదగినదే.